భద్రమ్మగారు తిట్టిన నవల

భద్రమ్మగారి నోట ‘బాగుంది’ అనే మాట విన్నవాళ్ళు భవానీపురంలో ఎవరూ లేరు. కాఫీ అమృతంలా ఉంటే ‘వేడిగానే ఏడిసింది’ అంటారు. పెళ్ళికొడుకు ఎంత అందగాడైనా ‘చెవులు కాస్త పెద్దవి’ అంటారు. ఇంటి కింద ఆవిడకి చేనేత చీరల కొట్టుంది. పొద్దుటినుంచి రాత్రిదాకా అందులో కూర్చుని లోకానికి వంకలు పెడుతుంటారు.

అలాంటి మనిషికి, పై వాటాలో అద్దెకుండే మాధురి తన మొదటి నవల చదవమని ఇచ్చింది. బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పనేనా? పేరు ‘లంకలో మనిద్దరం’. కృష్ణకి వరదొచ్చి, పడవ చెడి, ఓ అమ్మాయీ అబ్బాయీ మనుషుల్లేని లంకలో చిక్కుకుంటారు. బతకడానికి నానా తంటాలు పడుతూ ప్రేమలో పడతారు.

“ఈ కాపీలు కదిలితేనే రెండో నవల వేస్తానన్నారు పిన్నిగారూ, పబ్లిషరు. చదివి ఎలా ఉందో చెప్పండి,” అంది ఆశగా.

మర్నాడు పొద్దున్నే భద్రమ్మగారు పుస్తకంలో వేలు పెట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

“ఏమ్మా, వీళ్ళకి ఉప్పెక్కడిది?”

“ఉప్పేంటండీ?”

“చేప పట్టారు, కాల్చారు, కళ్ళల్లో కళ్ళు పెట్టుకుని తిన్నారు. ఉప్పూ కారం లేని చేప తింటే ప్రేమొస్తుందా, వాంతొస్తుందా?”

మధ్యాహ్నం మళ్ళీ వచ్చారు. “వరదలో నానిన అగ్గిపెట్టె గీస్తే వెలిగిందా! అదెక్కడ దొరుకుతుందో చెప్పు, మేమూ కొనుక్కుంటాం.”

సాయంత్రం ఇంకోసారి. “ఆ పిల్ల జరీచీర కట్టుకుని ఈదిందా? తడిసిన జరీచీర నువ్వెప్పుడైనా పిండావా? ఎంత బరువో తెలుసా? ఈ లెక్కన ఆ పిల్ల చేరేది లంకకి కాదు, ఏటి అడుగుకి.”

అన్నిటికంటే ఘోరం, హీరో ఆ పిల్లని ఎత్తుకుని నడుంలోతు నీళ్ళలో మైలు దూరం నడవటం. అది పచ్చి అబద్ధమని రుజువు చెయ్యటానికి ఆవిడ భర్త సాంబమూర్తిగారి చేత చీరల మూట ఎత్తించి డాబా మీద తిప్పారు. రెండో చుట్టుకే ఆయన నడుం పట్టేసింది. వేడినీళ్ళ సంచి నడుం కింద పెట్టుకుని, “అమ్మాయ్, ఇంకోసారి రాసేటప్పుడు హీరోయిన్ని కాస్త నడిపించు తల్లీ,” అని బతిమాలుకున్నారు.

మాధురికి మొదట నవ్వొచ్చింది, తరవాత కోపమొచ్చింది, చివరికి ఏడుపొచ్చింది. పైగా ఆవిడ కొట్టుకొచ్చేవాళ్ళందరి ముందూ నవలని ఏకిపారేస్తున్నారట. ఇక ఈ ఊళ్ళో ఎవరు కొంటారు? బెంజ్ సర్కిల్లోని ఆఫీసు నుంచి వస్తూ బస్సులోనే నిశ్చయించుకుంది, ఇక రాయకూడదని. ఆ మాట ఆవిడ ముఖమ్మీదే చెప్పేద్దామని తిన్నగా కొట్టుకే వెళ్ళింది.

గుమ్మంలోనే ఆగిపోయింది. హనుమాన్ జంక్షన్ నుంచి పెళ్ళి చీరలకొచ్చిన సంపూర్ణమ్మ ముందు చీరలు గుట్టపడి ఉన్నాయి. భద్రమ్మగారి చేతిలో మాత్రం నవల ఉంది.

“ఇంత చెత్త నా జన్మలో చదవలేదండీ. వరదకి భయపడి చెట్టెక్కి కూర్చున్నారా, పైకొమ్మ మీంచి పాము దిగుతోంది. కింద చూస్తే నీళ్ళు. ఆ పిల్లకి తెలీదు, వాడు చూశాడు. అప్పుడా వెధవ ఏం చేశాడో తెలుసా?”

“ఏం చేశాడండీ?”

“ఛీ! నా నోటితో చెప్పలేను.”

“అయ్యో, చెప్పండీ బాబూ!”

“మీరే చదివి తిట్టండి.”

సంపూర్ణమ్మ చెయ్యి చాచింది. సాంబమూర్తిగారు నడుం పట్టుకునే వంగి, మంగళగిరి చీరల వెనకనుంచి కొత్త కాపీ ఒకటి తీసి ఆమె సంచీలో పెట్టారు. అక్కడ ఇంకా ఓ కట్ట కనిపిస్తోంది.

“ముందు తెచ్చినవన్నీ అయిపోయాయమ్మాయ్,” అన్నారు మాధురిని చూసి. “మళ్ళీ తెప్పించాం.”

సంపూర్ణమ్మ వెళ్ళగానే మాధురి లోపలికొచ్చింది. “తిట్టి అమ్ముతున్నారా పిన్నిగారూ?”

“పొగిడి అమ్మమంటావా? చీరని ‘బాగుంది, బాగుంది’ అన్నవాళ్ళు కూల్‌డ్రింకు తాగి లేచిపోతారు. అంచు సన్నమనీ, రంగు ముదురనీ సణిగేవాళ్ళే కొనుక్కుపోతారు. పై వాటా పిల్ల పుస్తకం బాగుందని చెబితే, మొహమాటానికి అంటోందనుకుంటారు. పాడు పుస్తకమంటే, ఎంత పాడో చూద్దామని కొంటారు.”

“అయితే మీకు నచ్చిందన్నమాట!”

“నచ్చడమా! రెండోసారి చదువుతున్నా ఆ పాము దగ్గర గుండె జారిపోయింది. సిగ్గు లేకపోతే సరి, అలాగేనా రాయడం?” అని కసిరి, మిగిలిన కట్టవైపు గుర్రుగా చూశారు భద్రమ్మగారు. “ఇంకా నిలబడ్డావేం? పైకెళ్ళి రెండోది రాయి. నాకు తిట్టడానికి సరుకు అయిపోవస్తోంది.”