నాలుగు పుస్తకాల చొక్కా

కరీం బాషా నా పుస్తకాలను పాడుచేసినంతగా చెదలు కూడా పాడుచెయ్యలేదు. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, ఓడరేవు గేటుకు పోయే రోడ్డు మీద మా రెండు కొట్లకూ మధ్య ఒక చెక్కగోడే అడ్డం. ఇటు నా అద్దె పుస్తకాలు, అటు అతని కుట్టుమిషను. నవల పట్టుకెళ్లి రెండో రోజు తిరిగిచ్చేసరికి దాని నిండా టైలరు సుద్దబిళ్లతో గీసిన నీలం గీతలు. బట్టల మాట వచ్చిన ప్రతిచోటా ఒక గీత. చారిత్రక నవల ఇస్తే నలభై పేజీల యుద్ధాన్ని ఒక్క గుక్కలో దాటేసి సేనాపతి అంగరఖా దగ్గర ఆగేవాడు. సాంఘిక నవలలో కథానాయిక విషం తాగినా అతనికి పట్టదు, ఆవిడ రవిక చేతులు పొట్టివా పొడుగువా అన్నదే బెంగ. ఓడల మీద వచ్చిన నావికులు వదిలేసిపోయిన విదేశీ ఫ్యాషను పుస్తకాలు కూడా కొనేవాడు. భాష రాకపోయినా బొమ్మలు చాలతనికి.

ఒకసారి డిటెక్టివ్ నవల తిరిగిస్తూ, "ఇందులో కోటు కాలర్ బలేగుంది బావా. మెడమీద నిలబడి ఉంటది, రెండు మొనలు," అన్నాడు.

"ఆ కోటు ఏసుకున్నోడు తర్వాత పేజీలో ఏటయ్యాడో సదివేవా?"

"ఆ పేజీలో బట్టల్లేవు. ఒగ్గీసినాను."

"సచ్చిపోయాడయ్యా! ఆ కోటు ఆడిది కాదు. కోటు గలవాడనుకుని ఈణ్ని ఎనకనుంచి పొడిసీసినారు."

"అయ్యో," అన్నాడు కరీం నొచ్చుకుని. "కోటు పాడైపోయుంటది."

పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అతని పిచ్చికి మూలం దెబ్బలే. తండ్రి కూడా దర్జీయే. కుట్టు వంకరపోతే గజంబద్ద విరిగేదాకా కొట్టేవాడట. కరీంకు పన్నెండేళ్లప్పుడు మిషను దగ్గర కథల పుస్తకంతో దొరికితే, కాలుతున్న ఇస్త్రీపెట్టె మొన ముంజేతికి అంటించాడు. "బట్టల గురించే సదూతన్నాను బాబా!" అని అరిచాడు పిల్లాడు. అది అబద్ధం. కానీ ఆ మాటకు తండ్రి చెయ్యి ఆగింది. అప్పటినుంచి ఆ అబద్ధాన్ని నిజం చేస్తూనే బతికాడు. తండ్రి పోయాక తనకన్నా పదేళ్లు చిన్నవాడైన తమ్ముడు గఫూర్‌ను తనే పెంచాడు. ఆ తమ్ముడి మీద ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు.

డెబ్భై ఏడు ఎండాకాలంలో పోలిరాజు మా జీవితాల్లోకి వచ్చాడు. రేవు కూలీల ముఠాకు మేస్త్రి. వేరే ముఠాలో పనికెళ్లాడని ఒక కూలీని పట్టుకుని, వాడి చెయ్యి ఇనుపపట్టా మీద పెట్టించి బూటుకాలితో తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు నా కొట్లోకి వినిపించింది. రోడ్డు మీద వందమంది ఉన్నారు. ఒక్కడూ కదల్లేదు, నాతో సహా. ఆ కూలీ అన్నదమ్ములు వాణ్ని మోసుకుపోయారు.

అదే సాయంత్రం పోలిరాజు ఓడ మీంచి దిగిన గుడ్డ ఒకటి తెచ్చి కరీం బల్ల మీద పడేశాడు. సోడాసీసా రంగు ఆకుపచ్చ, దాని మీద పసుపు రెక్కల అచ్చు.

"ఊరు మొత్తమ్మీద ఇలాటి సొక్కా నాకొక్కడికే ఉండాల. ఇంకోడి ఒంటిమీద కనబడిందా, ఆడి తోలూ నీ తోలూ కలిపి కుట్టించీగల్ను."

ఇంకో దర్జీ అయితే వణికిపోయేవాడు. కరీం కళ్లు మెరిశాయి. అన్నాళ్లూ గీసిన గీతలన్నీ ఒక చొక్కాలో పెట్టే రోజు వచ్చింది మరి. వెనక వీపుమీద మొనదేలిన ఎర్రటి పట్టీ విదేశీ పుస్తకంలోది. చేతుల అంచున జరీ చారిత్రక నవలలోది. ముత్యపు బొత్తాలు సాంఘిక నవలలో ఎవరో కథానాయకుడివి. మెడమీద నిలబడే రెండు మొనల కాలర్ ఆ డిటెక్టివ్ నవలలోది. పది రోజులు కుట్టాడు. పోలిరాజు అది తొడుక్కుని రోడ్డెక్కితే, వీపు చూసినా పోలిరాజని పసిపిల్లలు కూడా చెప్పేవారు. మేము దానికి నాలుగు పుస్తకాల చొక్కా అని పేరు పెట్టాం.

మిగిలిన గుడ్డ దర్జీదే అన్నది వాళ్ల వృత్తిలో వాడుక. అడిగి పట్టుకెళ్లేవాళ్లు తక్కువ. మామూలుగా దాంతో తలగడ గలీబులు కుడతారు. కానీ కరీం ఎంత పొదుపుగా కత్తిరించాడంటే, బక్కపల్చని మనిషికి మరో చొక్కా మిగిలింది. గఫూర్‌కు అనకాపల్లిలో సంబంధం చూస్తున్నారు. పెళ్లివారి కంటికి తమ్ముడు దొరబాబులా కనబడాలనుకున్నాడు. అచ్చం అలాంటిదే రెండోది కుట్టి, "ఊరు దాటేకే ఏసుకో. తిరిగి ఊళ్లోకి వొచ్చే ముందల ఇప్పీయ్," అని ఒట్టు వేయించుకున్నాడు. ఈ సంగతి నాక్కూడా చెప్పలేదు. నా నోటి సంగతి అతనికి తెలుసు.

నా నోటి సంగతి నేనే చెబుతాను. ఆ వారంలోనే ఇద్దరు కొత్త మనుషులు నా కొట్టుకొచ్చి, పుస్తకాలు తిరగేస్తున్నట్టు నటించి అడిగారు. "పోలిరాజు మేస్త్రి ఎలగుంటాడు బాబూ? పనికోసం వొచ్చినాం." మాట్లాడే అవకాశం దొరికితే నాకు ఒళ్లు తెలియదు. "మొహంతో పనేటి? ఎనకనుంచి సూడండి. ఆకుపచ్చ సొక్కా, వీపుమీద ఎర్రపట్టీ. ఊరంతా ఎతికినా రెండోది కనబడదు," అన్నాను. పక్కకొట్టువాడి పనితనం నాదే అయినట్టు మురిసిపోయాను కూడా. వాళ్లు ఒక్క పుస్తకమైనా తీసుకోకుండా వెళ్లిపోయారు.

శుక్రవారం గఫూర్ అనకాపల్లి వెళ్లాడు. పిల్ల నచ్చింది, పిల్లకి చొక్కా నచ్చింది. ఆ సంబరంలో ఒట్టు మరిచిపోయాడో, అన్నకు చూపిద్దామనుకున్నాడో, ఇప్పకుండానే బస్సు దిగి నాలుగింటి ఎండలో నడుచుకుంటూ వస్తున్నాడు. మా కొట్లు ఇంకా వంద గజాలుండగా వెనకనుంచి ముగ్గురు మీద పడ్డారు. బస్తాలు లాగే ఇనుప కొక్కేలు. మొదటిది ఆ ఎర్రపట్టీ మధ్యన దిగింది. రెండోది నడుంలో దిగి గుడ్డతోపాటు కండను ఈడ్చుకొచ్చింది. బోర్లా పడ్డవాణ్ని కాలితో వెల్లకిలా తిప్పారు. అప్పుడు ఒకడు కేక వేశాడు.

"ఈడు కాడ్రోయ్!"

కొక్కేలు పారేసి పరిగెత్తారు. వాళ్లలో ఇద్దర్ని నేను గుర్తుపట్టాను, నా కొట్టుకొచ్చి అడిగినవాళ్లే. చెయ్యి విరిగిన కూలీ అన్నదమ్ములు బయటూరినుంచి రప్పించారని తర్వాత విన్నాను.

కరీం మిషను దగ్గర్నుంచి దూకి పరిగెత్తాడు. రెండు అరచేతులూ తమ్ముడి వీపుకింద పెట్టి చీలిక మూయాలని చూశాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం బుడబుడమంటూ వచ్చింది. "సొక్కా పాడైపోయింది భాయ్, తిట్టకు," అన్నాడు గఫూర్. రిక్షాలో పెద్దాసుపత్రికి చేరేసరికే మాట పోయింది. చీకటి పడకముందే ప్రాణం పోయింది.

శవానికి చుట్టే కఫన్ గుడ్డకు కుట్టు ఉండకూడదు. తెల్లగుడ్డ కత్తిరించడం అవగానే కరీం అలవాటు చొప్పున సూదిలో దారం ఎక్కించాడు. మసీదు పెద్దాయన ఆ సూదిని మెల్లగా అతని వేళ్లలోంచి తీసుకున్నాడు. నేను గుమ్మం బయట నిలబడి ఏడ్చాను. చెబుదామనే వెళ్లాను, చెప్పలేకపోయాను.

మూడోనాడు పోలిరాజు వచ్చాడు. పరామర్శకు కాదు, గుడ్డ దొంగతనం లెక్క తేల్చడానికి. తనకు రావాల్సిన చావు ఆ కుర్రాడికి వచ్చిందన్న ఇంగితం కూడా లేదు వెధవకి. గజంబద్ద లాక్కుని కరీంను చితకబాదాడు. ఎడమచేతి రెండు వేళ్లు మిషను చక్రానికేసి విరిచాడు. కరీం అరవలేదు, అడ్డుపడలేదు. ఆ దెబ్బలు తనకు రావలసినవే అన్నట్టు నిలబడ్డాడు. అది చూడలేక నేను నా కొట్లోకి పోయాను.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు కరీం ఒక్క పుస్తకమూ ముట్టలేదు. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం మొదలయ్యాక కూలీలకు ఖాకీ యూనిఫారాలు కుట్టే పని పట్టుకున్నాడు. వందల చొక్కాలు, ఒకటే గుడ్డ, ఒకటే కోత. కొత్త మోస్తరు అడిగినవాణ్ని గుమ్మంలోంచే పంపేసేవాడు.

ఎనభై అయిదులో టీవీలొచ్చి నా కొట్టు మూతపడింది. పుస్తకాలు మూటలు కడుతుంటే వచ్చాడు.

"ఆ డిటెక్టివ్ పుస్తకం ఉందేటి బావా? ఆవేళ ఒగ్గీసిన పేజీ సదవాల."

వెతికిచ్చాను. పాత నీలం గీత ఇంకా ఉంది. పేజీ తిప్పి, వంకరపోయిన వేలు ఒక్కో వరుస కింద ఆనిస్తూ, నిలబడే చదివాడు. చదివి తలెత్తాడు.

"కోటు గుర్తు ఆళ్లకి ఎవుడు సెప్పేడు? అది రాయలేదేటి ఇందులో?"

ఎనిమిదేళ్లుగా గొంతులో ఉన్నది బయటికొచ్చేసింది.

"పుస్తకంలో సంగతి నాకు తెలీదు బావా. మన గఫూర్ సొక్కా గుర్తు సెప్పింది నానే. ఆళ్లు పోలిరాజు గురించి అడిగేరు. ఊళ్లో ఒకటే ఉందనుకుని సెప్పీసినాను."

అతని పిడికిలి నా నోటిమీద పడింది. రెండు పళ్లు ఊడి నాలుకకు తగిలాయి. కాలర్ పట్టి అలమరాకేసి కొట్టాడు. పుస్తకాలు నెత్తిన రాలాయి. అతనే కుట్టిచ్చిన చొక్కా మెడనుంచి నడుందాకా పరపరా చిరిగింది. ఇస్త్రీపెట్టె మచ్చ ఉన్న ఆ చెయ్యి నా గొంతు మీద బిగిసింది. చంపేస్తాడనుకున్నాను. చంపితే బాగుండునని కూడా అనుకున్నాను. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. అతను పోలిరాజు ముందు నిలబడ్డట్టే నేనూ ఉండిపోయాను. అది అతనికి తెలిసినట్టుంది. చెయ్యి వదిలేశాడు.

పుస్తకాల మధ్య నేలమీద చతికిలబడి, చిరిగిన నా చొక్కా కొస పట్టుకుని ఏడ్చాడు.

"నాను కుట్టేను. నువ్వు సెప్పేవు," అన్నాడు. "ఆడు ఏసుకున్నాడు, అంతే కదా బావా."