డైరెక్ట్ లక్ష్మప్ప

ఆదోనిలో లక్ష్మప్ప ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేరు. డైరెక్ట్ లక్ష్మప్ప అనాలి. ఎమ్మిగనూరు రోడ్డులో పత్తి మిల్లు గోడకు ఆనించి, కార్లు బాగుచేయడానికి వేసుకున్న రేకుల షెడ్డు అతనిది. గ్రంథాలయం ఉద్యోగం ముగిశాక నేను పొద్దున పేపరు చదువుకునే చోటు అదే అయింది. కారు నడపడం నాకు రాదు, ఇంగ్లీషు చదవడం అతనికి రాదు. ఏ స్పేరు పార్టు పెట్టె మీది ముక్క చదవాల్సి వచ్చినా నా చేతికిచ్చేవాడు.

డైరెక్ట్ అన్నది ఎండలు పెట్టిన పేరు. మా వైపు రేడియేటర్లలో అందరూ పోసేది బోరు నీళ్లు. ఆ ఉప్పు లోపల సున్నంలా పేరుకుంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే ఆస్పరి దారి పొడుగునా బానెట్ ఎత్తి, బిందె పట్టుకుని నిలబడ్డ మనుషులు కనపడేవారు. లక్ష్మప్ప దానికి ఒక మందు కనిపెట్టాడు. ఇంజనులో నీళ్ల దారికి అడ్డంగా చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు మూసుకుని ఉండి, వేడెక్కాక తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదలడం దాని పని. లక్ష్మప్ప ఆ వాల్వును పీకి అవతల పారేసేవాడు. వేడెక్కినప్పుడు మాత్రమే తిరగాల్సిన ఫ్యాను, తాళం తిప్పగానే తిరిగేటట్టు వైరు కలిపేవాడు.

"డైరెక్ట్ చేసినా, పోప్పా. ఇంగ యాడా ఆగదు" అనేవాడు.

నిజంగానే ఆగేవి కావు. స్టీరింగు వెనక వేడి చూపించే ముల్లు పైకి లేవకుండా అడుగునే పడుకుని ఉండేది. ముల్లు కిందుంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టని ప్రతి డ్రైవరుకూ చెప్పి పంపేవాడు. ఊరంతా అదే నేర్చుకుంది.

తర్వాత్తర్వాత కొత్త కార్లు వచ్చాయి, వాటికి కంపెనీ షెడ్లు వచ్చాయి. పోయిన చలికాలానికి లక్ష్మప్ప దగ్గరికి వచ్చే కారు ఒక్కటే మిగిలింది. అది వీరేష్‌ది. ఇరవై ఏళ్ల నాటి పెట్రోలు కారు. కార్బొరేటరు ఉండదు, పెట్రోలు ఎంత పోయాలో లోపలున్న కంప్యూటరే చూసుకుంటుంది. వీరేష్ అందులో రోజూ పొద్దున ఏడింటికి నలుగురు టీచర్లను ఆస్పరి బడికి తీసుకుపోతాడు.

"ఆ కారు కూడా రాకపోతే ఈ షెడ్డుకు తాళమేసేదే సారూ" అని లక్ష్మప్ప భార్య సుభద్రమ్మ టీ తెచ్చినప్పుడల్లా నాతో అనేది. భర్తకు వినపడాలనే అనేది. అతను మాత్రం చేతులు తుడుచుకుంటూ రోడ్డు వైపు చూసేవాడు.

డిసెంబరులో ఒకరోజు వీరేష్ కారు దిగకుండానే మొదలుపెట్టాడు.

"మామా, పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒకటే వణుకుతాంది. స్లోలో నిలబడదు. యాక్సిలేటర్ మీద కాలు పెట్టుకోని కూసోవాల, కాలు తీస్తే సస్తాది. టీచరమ్మలు నవ్వుతాండారు, బండికి కూడా సలిజరమా అని."

"దానికేమి, ప్లగ్గులు సూస్తే సరిపోతాది" అన్నాడు లక్ష్మప్ప.

ప్లగ్గులు మసిబొగ్గుల్లా ఉన్నాయి. తుడిచి బిగించాడు. గాలి ఫిల్టరు తీస్తే మిల్లు దూది గుప్పెడు రాలింది. కొత్తది వేశాడు. మూడు రోజులు బండి బాగుంది. నాలుగో రోజు మళ్లీ వణికింది. ఎక్కడన్నా దొంగగాలి పీలుస్తోందేమోనని రబ్బరు పైపుల అతుకుల మీద నీళ్లు చిలకరిస్తూ, ఇంజను చప్పుడు మారుతుందేమో విన్నాడు. మారలేదు. గాలి పోయే గొట్టం విప్పితే లోపల నల్లటి మడ్డి. పాత పళ్ల బ్రష్షు పెట్రోలులో ముంచి, స్లోలో గాలి అందించే సన్నదారి దాకా కడిగాడు. ఇంకో నాలుగు రోజులు. మళ్లీ అదే వణుకు.

వీరేష్ ఓపిక పట్టలేక ఎమ్మిగనూరు పోయి, కంప్యూటరు పెట్టి చూసే జోయల్ అనే కుర్ర మెకానిక్కుకు చూపించుకొచ్చాడు.

"ఏ తప్పూ ల్యాదంట మామా. కంప్యూటర్‌కి అన్నీ సరిగ్గానే తెలుస్తాండాయంట. బండికి కాదు అన్నా, నీకే ఏదో ఉంది అన్నాడు నాయాలు."

లక్ష్మప్ప నవ్వలేదు.

"సోమవారం దాకా సూస్తా మామా. ఆ పైన టీచరమ్మలు వేరే బండి మాట్లాడుకుంటారంట. నేను కూడా వేరే షెడ్డు సూసుకోవాల. ఏమనుకోవద్దు."

ఆ సాయంత్రం లక్ష్మప్ప అట్ట చిరిగిపోయిన పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఆ కారు రిపేరు పుస్తకమే. ఎప్పుడో ఎవరో వదిలేసి పోయారట. ఇన్నేళ్లూ దాన్ని బెంచీ కాలికి ఎత్తుగా వాడుకున్నాడు.

రెండు రోజులు చదివాను. నాకు సగం అర్థమయ్యేది కాదు, అర్థమైనంత మటుకు తెలుగులో చెప్పేవాణ్ని. ఒకచోట ఇలా ఉంది: చల్లటి ఇంజను స్టార్ట్ చేశాక రేడియేటర్ పై పైపు కొన్ని నిమిషాలు చల్లగానే ఉండాలి, తర్వాత ఉన్నట్టుండి వేడెక్కాలి. అలాకాక మొదటి నుంచీ కొద్దికొద్దిగా గోరువెచ్చనవుతూ వస్తే నీళ్ల దారి మూసుకోవడం లేదన్నమాట. ఇంజను ఎంత దూరం పోయినా సరిగా వేడెక్కదు. కంప్యూటరు చలిలో పోసినట్టే పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది. ప్లగ్గులు మసిపడతాయి.

లక్ష్మప్ప కారు స్టార్ట్ చేసి, పై పైపు మీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు. నిమిషం కాకముందే పైపు గోరువెచ్చగా తగిలింది, అతని ముఖం మారింది.

"ఇంగోసారి సదువు సారూ."

చదివాను. మూడోసారి కూడా చదివించుకున్నాడు. తర్వాత ఇంజను ఆపి, బురదగుంటలో కాలు పెట్టినవాడిలా మెల్లగా వెనక్కి జరిగాడు.

"ఎమ్మిగనూరు పిల్లోడు అబద్ధం సెప్పలేదు. ఇంజను సల్లగుందని కంప్యూటర్ అనుకుంటాంది. సల్లగనే ఉంది. పోయిన ఎండల్లో వాల్వు పీకి అట్ల పెట్టింది నేను."

ఆ వాల్వు ఆదోనిలో దొరకలేదు. ఇక్కడ ఎవరూ అడగని సరుకని స్పేరు పార్టుల కొట్టతను నవ్వాడట. లక్ష్మప్ప బస్సెక్కి బళ్లారి పోయి తెచ్చాడు. ఆదివారమంతా కూర్చుని రేడియేటర్‌లో ఉప్పు కడిగాడు, బోరు నీళ్లకు బదులు కూలెంటు పోశాడు, ఫ్యాను వైరు విప్పి మొదట ఉన్నట్టే కలిపాడు. సోమవారం పొద్దున ఆ చలిలో కారు గుటగుటమంటూ ఒకే తీరుగా నిలబడింది. వీరేష్ యాక్సిలేటర్ మీంచి కాలు తీసి కూడా చాలాసేపు అలాగే చూశాడు.

"ఏం చేసినావు మామా?"

"ఉండాల్సింది పెట్టినా" అన్నాడు లక్ష్మప్ప. అంతకుమించి చెప్పలేదు. అప్పుడే మొత్తం చెప్పి ఉంటే బాగుండేదని తర్వాత నాకు చాలాసార్లు అనిపించింది.

ఎండలు మొదలైన మార్చిలో ఒక మధ్యాహ్నం వీరేష్ కారును షెడ్డులోకి దాదాపు తోసుకొచ్చినంత పని చేశాడు. ముఖం నిండా చెమట.

"బడి నుంచి వస్తాంటే, సలిలో పావు కాడుండే ముల్లు సగానికి లేసింది మామా! పక్కకు ఆపి నీళ్లు పోద్దామని బానెట్ ఎత్తితే టీచరమ్మలు పేలిపోతాదని దిగి ఉరికినారు."

"సగం దాటిందా?"

"దాటేదాకా సూస్తా కూసోవాల్నా? ఫ్యాను కూడా ఒకసారి తిరుగుతాంది, ఒకసారి ఆగుతాంది."

"అట్లనే తిరగాల. ముల్లు సగంలోనే ఉండాల. ఇప్పుడే బండి సరిగ్గా ఉంది వీరేషూ."

వీరేష్ అతన్ని వింతగా చూశాడు. "ముల్లు కిందుండాలని సెప్పింది ఎవరు? నువ్వే కదా!"

"నేనే సెప్పినా."

"మరి?"

"తప్పు సెప్పినా."

"ఊరందరికీ ఇన్నేండ్లు తప్పు సెప్పినావా?"

లక్ష్మప్ప తలూపాడు. వీరేష్ నా ఒళ్లో ఉన్న పుస్తకం వైపు చూపించాడు. "ఈ సారు సదివి సదివి నీ తల సెడగొట్టినాడు. నాకవన్నీ వద్దు. ముందుమాదిరే డైరెక్ట్ చేయి. అరగంట పని."

"చెయ్యను. మళ్లీ సలికాలం వస్తాది. మళ్లీ మసి పడ్తాది. ఇంజను అరిగిపోతాది."

"సలికాలం దాకా టీచరమ్మలు ఉండొద్దా మామా?"

నేను కల్పించుకుని ఏదో చెప్పబోయాను. కారు నడపడం రానివాడి మాటను ఎవరు వింటారు? వీరేష్ తలుపు విసురుగా వేసి వెళ్లిపోయాడు. బస్టాండు దగ్గర ఇంకో మెకానిక్కు సాయంత్రంలోగా ఆ వాల్వు పీకేశాడని, ముల్లు కిందికి దిగిందని, వీరేష్ అందరికీ స్వీట్లు పంచినంత సంబరంగా చెప్పుకున్నాడని తెలిసింది.

ఆ తర్వాత పది రోజులు లక్ష్మప్ప వేరే పని పెట్టుకున్నాడు. తను డైరెక్ట్ చేసిన బండ్లు గుర్తున్నంత వరకూ వాటి ఇళ్లకు పోయి, వాల్వు తిరిగి పెడతానని, కూలి వద్దని చెప్పాడు. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. బట్టల కొట్టు నడిపే మారుతి మమ్మల్ని గడప దగ్గరే ఆపాడు.

"తీసింది నువ్వే, పెట్టేది నువ్వేనా? ఈసారి యాడ సెడగొడ్తావో! నీకో నమస్కారం, పోప్పా."



ఉగాదికి ముందే షెడ్డు ఖాళీ అయింది. ఎవరో జ్యూసు అంగడి పెట్టారు. లక్ష్మప్ప ఇప్పుడు పత్తి మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటాడు. ఈ డిసెంబరులో కూడా నేను పేపరు పట్టుకుని అతని పక్కనే కూర్చుంటున్నాను. పొద్దున పూట రోడ్డు మీద ఏదన్నా పాత కారు వణుక్కుంటూ పోతే అతను తల ఎత్తడు. "అదీ నాదే" అంటాడు. ఒక్కోరోజు రెండు మూడుసార్లు అంటాడు.

నిన్న అడిగాను, ఆరోజు వీరేష్ అడిగినట్టు చేసి ఉంటే ఏమయ్యేదని.

"వచ్చేటోడు" అన్నాడు. "ఇంగా కొన్నాళ్లు వచ్చేటోడు."

పత్తి లారీ హారను కొట్టింది. గేటు తీయడానికి లేచాడు.