స్కూటర్ ఆయనదే

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఇన్నేళ్ళుగా నా గుండె మీద ఒక బరువుంది. రెండు మాటల బరువు. "స్కూటర్ ఆయనదే." ఇంతే. ఇందులో అబద్ధం లేదు. స్కూటర్ నిజంగానే ఆయనది. నాకు ఊహ తెలిశాక పలికిన మాటల్లో ఇంత ఖచ్చితమైన నిజం ఇంకోటి లేదేమో. మరి దీన్ని ఇన్నేళ్ళు ఎందుకు దాచాను?

ప్రతి ఆదివారం మా చర్చిలో అందరం మోకరించి పాపాలు ఒప్పుకుంటాం. గట్టిగా, ఒక్క గొంతుతో. అందరితో కలిసి ఒప్పుకోవడం చాలా హాయిగా ఉంటుంది. ఎవరి పాపం ఏదో పక్కవాడికి తెలియదు. మోకాళ్ళు దులుపుకుని లేచి పాట అందుకోవచ్చు. నేను ఏళ్ళ తరబడి అలాగే లేచాను. ఈ ఒక్కదాన్ని మాత్రం ఆ గుంపులో కలిపెయ్యడం నా వల్ల కాలేదు.

తొంభైల మధ్యలో మాట. నాకప్పటికి ముప్ఫై నిండలేదు. గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తాను, ఇంకా పర్మనెంటు కాలేదు. మాది మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆదివారం ఆరాధన అయిపోగానే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసుకుంటూ నాంపల్లి దాకా నడిచి బస్సెక్కడం నా అలవాటు. ఆ రోజు దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందంతా పాత పుస్తకాలు పరుస్తారు. విఠల్ అనే ఆయన దగ్గర నేను ఎక్కువసేపు ఆగేవాణ్ణి. ఆయన పేరు అప్పటికి నాకు తెలియదు. నలభై దాటిన మనిషి. పుస్తకాల మూటలు మోసుకొచ్చే పాత స్కూటర్‌ను పక్కనే స్టాండు వేసి, ఖాళీ సంచులు దాని సీటు మీద మడిచి పెట్టుకునేవాడు. బేరమాడితే నవ్వేవాడు. తగ్గించేవాడు కాదు.

ఒక ఆదివారం ఆయన ముందు గొంతుక్కూర్చుని ఒక డిక్షనరీ తిరగేస్తున్నాను. రోడ్డు మీద దబ్బుమని చప్పుడైంది. తల తిప్పాను. ఒక ముసలాయన రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాడు. ఆకుపచ్చ మోటారుసైకిల్ ఒకటి వంకర్లు తిరిగి, నిలదొక్కుకుని, బషీర్‌బాగ్ వైపు వెళ్ళిపోయింది. నడిపేవాడు ఒక్కసారి వెనక్కి చూశాడు కూడా. ఇదంతా నేను చూశాను. దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి.

జనం మూగారు. మూగడం వరకే, ఎవరూ చెయ్యి వెయ్యలేదు. 'పోలీస్ కేస్' అన్న మాట ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పాకింది. ఆగిన ఆటోలు నెత్తురు చూసి కదిలిపోయాయి. నేనూ లేచి బట్టలు దులుపుకున్నాను. ఆదివారం బట్టలు, తెల్ల చొక్కా. పుస్తకాల మీద పట్టా కూడా కప్పకుండా, గుంపును తోసుకుని వెళ్ళింది విఠల్ ఒక్కడే. ముసలాయన్ని చంకల కింద చేతులేసి లేపి, చుట్టూ చూశాడు. తెలిసిన మొహం నాదొక్కటే కనిపించినట్టుంది.

"సార్, జర కాళ్ళు పట్టుండ్రి," అన్నాడు.

పట్టుకున్నాను. మంచితనంతో పట్టుకున్నానా, మొహమాటంతోనా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ ఒక్క క్షణం మంచివాణ్ణే అయి ఉంటానని ఆశ.

ముగ్గురం ఆ స్కూటర్ మీదే వెళ్ళాం. ముందు విఠల్, మధ్యలో ముసలాయన, వెనక ఆయన్ని వాటేసుకుని నేను. ముసలాయన తల విఠల్ వీపు మీద వాలి ఉంది. నెత్తురు సీటు మీదికీ, పక్క రేకు మీదికీ కారింది. నా చొక్కాకీ అంటింది. దారి పొడుగునా విఠల్ "అయిపాయె తాతా, వచ్చేసినం, అయిపాయె," అంటూనే ఉన్నాడు.

సర్కారు దవాఖానలో ముసలాయన్ని స్ట్రెచర్ మీద లోపలికి తోసుకెళ్ళారు. విఠల్ వెంట పరిగెత్తాడు. బయట బండి దగ్గర నేను మిగిలాను. ఒక పోలీసాయన వచ్చి బండి చుట్టూ తిరిగాడు. నెత్తురు చూశాడు. ముందు మడ్‌గార్డుకు ఎప్పటిదో ఒక సొట్ట ఉంది, అది తడిమి చూశాడు.

"ఎవల్దిది?"

"స్కూటర్ ఆయనదే. లోపలికి పోయినాయనది."

"నువ్వెవలు?"

"నేను దారిన పోయేవాణ్ణి."

ఇదీ నిజమే. దారిన పోతూనే కదా ఆగాను. గుద్దింది ఎవరని ఆయన అడగలేదు, అడిగి ఉంటే చెప్పేవాణ్ణని చాలాకాలం నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అడగకపోతే నాకు నోరు లేదా? ఆకుపచ్చ మోటారుసైకిల్ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన ఆ సొట్టనూ ఆ నెత్తురునూ కలిపి ఏదో అనుకుంటున్నాడని నాకు అర్థమైంది. అర్థమైందన్న మాట ఇవాళే మొదటిసారి బయటికి అంటున్నాను. అర్థమయ్యే, చొక్కా మీది మరక కనబడకుండా చేతిసంచీ అడ్డం పెట్టుకుని గేటు దాటాను. విఠల్‌తో చెప్పి కూడా రాలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే పిరికివాణ్ణని సరిపెట్టుకునేవాణ్ణి. ఆగలేదు.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఆ వారం దేవుడు చేసిన మేలేదైనా ఉంటే ఎవరైనా సభలో లేచి సాక్ష్యం చెప్పొచ్చు. జ్వరం తగ్గిందనీ, మంచి ఇల్లు కిరాయికి దొరికిందనీ చెబుతుంటారు. నా చొక్కా మీద నెత్తురు చూసి మా అమ్మ అడిగినప్పుడు, దెబ్బ తగిలినాయన్ని దవాఖానకు తీసుకెళ్ళానని చెప్పాను. అమ్మ వెళ్ళి కరుణమ్మ ఆంటీకి చెప్పింది. ఆమె రిటైరైన టీచరు, చర్చిలో కుర్రాళ్ళందరికీ పెద్ద దిక్కు. నన్ను లేచి సాక్ష్యం చెప్పమని పట్టుబట్టింది. లేచాను. అందరూ చూస్తూ నిలబడితే నేనే ముందుకెళ్ళానని చెప్పాను. ఆటోలో నా ఒళ్ళో ఆయన తల పెట్టుకుని తీసుకెళ్ళానని చెప్పాను. ఆ ఆటో నా నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. నా కథలో విఠల్ లేడు, స్కూటర్ లేదు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. పాస్టరుగారు భుజం తట్టారు. ఇప్పుడెలా ఉన్నాడని ఎవరో అడిగితే "బాగున్నాడు" అనేశాను. ముసలాయన అప్పటికే పోయాడని నాకు తర్వాత తెలిసింది.

కొన్ని వారాల తర్వాత ఆరాధన ముగించుకుని బయటికొస్తుంటే గేటు దగ్గర విఠల్ కనిపించాడు. ఆయన వ్యాపారమంతా ఆదివారమే. అది మానుకుని వచ్చాడు. నా పేరు తెలియదు కాబట్టి, నేను ఏ గేటులోంచి వస్తానో గుర్తు చేసుకుని వచ్చి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి లోపలికి పోబోయాను. కానీ ఆయన అప్పటికే కరుణమ్మ ఆంటీని అడిగేశాడు, ముసలాయన్ని దవాఖానకు తీసుకపోయిన సారు ఎవరని. ఆమె మొహం వెలిగిపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"ఇగో, మా బాబు ఈయనే. మీరు మాట్లాడుకోండ్రి, చాయ్ పంపిస్త," అని లోపలికెళ్ళింది.

"గుర్తువట్టిన్రా సార్?"

"ఔ."

"తాత బతకలే. నా బండే గుద్దిందని కేసు రాసిన్రు. తాత కొడుకులు గూడ గదే అంటున్రు. నువ్వు గుద్దకపోతె నీకేం పట్టింది దవాఖానకు తీస్కపోనీకి, అంటున్రు. గీ మాటకు ఏం జెప్పాలె సార్?"

నేను కరుణమ్మ ఆంటీ వెళ్ళిన వైపు చూశాను.

"బండి ఠాణాల వెట్టుకున్నరు. జమానత్ మీద బయటకొచ్చిన. మీరు నా ముంగటనే కూసున్నరు గద, చూసిన్రు గద. జర కోర్టుకొచ్చి గా ఒక్క ముక్క చెప్తె సాలు."

"వస్తాను. తప్పకుండా వస్తాను. ఎప్పుడో చెప్పండి."

"మీకేం గాదు సార్. ఫికర్ చెయ్యకుండ్రి. నేను పక్కనే ఉంట."

కేసు ఆయన మీద. ధైర్యం చెబుతున్నది నాకు. సిగ్గుతో చచ్చిపోవలసింది. చాయ్ వస్తే ఇద్దరం తాగాం.

ఆయన చెప్పిన కోర్టు రోజు వచ్చింది. ఆఫీసుకు సెలవు పెట్టి నాంపల్లి కోర్టుకు వెళ్ళాను. నిజంగానే వెళ్ళాను. రోడ్డుకు ఇవతల, గేటుకు ఎదురుగా నిలబడ్డాను. విఠల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు పక్కన ఉన్నాడు. టిఫిన్ డబ్బా పట్టుకుని ఆయన భార్య పక్కన ఉంది. లోపలికి వెళ్ళే ప్రతి మనిషి మొహంలోకీ ఆయన తొంగి చూస్తున్నాడు. రోడ్డు దాటితే చాలు. దాటలేకపోయాను.

సాక్షిగా వెళ్ళినవాణ్ణే ముద్దాయిని చేస్తారని ఆఫీసులో అందరూ అనేవాళ్ళు. బండి వెనక కూర్చున్నది నువ్వే కదా, మరెందుకు పారిపోయావని అడిగితే? ఉద్యోగం ఊడితే? ఇవన్నీ నిజమైన భయాలే. వీటినే ముందు పెట్టుకుని ఇన్నాళ్ళూ నన్ను నేను వెనకేసుకొచ్చాను. అసలు భయం వేరే. నేను సాక్ష్యానికి పోవాలని విని, కోర్టుకు తనూ తోడొస్తానంది కరుణమ్మ ఆంటీ. వస్తే వింటుంది. వింటే నా ఆటో పోయి స్కూటర్ వస్తుంది. నా ఒళ్ళో ఉన్న తల విఠల్ వీపు మీదికి పోతుంది. అందుకని ముందురోజే ఆమె దగ్గరికెళ్ళి "కేసు వాయిదా పడిందంట ఆంటీ" అన్నాను. కోర్టులో వాయిదా పడిందంటే నమ్మని మనిషి ఈ ఊళ్ళో ఎవరున్నారు? ఒక ముసలావిడ నన్ను మంచివాడనుకుంటూ ఉండాలి. దానికోసం ఒక మనిషిని బోను ఎక్కించాను. ఇంతకంటే నీచమైన పని ఉంటుందా? పోలీసుల భయం కొంతైనా నయం, కనీసం మనుషులందరికీ ఉండే భయం అది.

లోపల పిలిచినట్టున్నారు. విఠల్ రెండడుగులు వేశాడు. మళ్ళీ వెనక్కి వచ్చి రోడ్డు మీదికి చూశాడు. మా ఇద్దరి మధ్యకు ఒక బస్సు వచ్చి ఆగింది. ఎక్కేశాను. ఎక్కడికి పోయే బస్సో కూడా చూడలేదు.

తర్వాత కొన్నాళ్ళు కామెర్లని చెప్పి చర్చికి పోలేదు. విఠల్ మళ్ళీ ఒకసారి వచ్చాడట. కరుణమ్మ ఆంటీతో ఏం మాట్లాడాడో నాకు తెలియదు. ఆమె నన్నేమీ అడగలేదు. నాతో ఎప్పటిలాగే మాట్లాడింది, పండక్కి కేకు పంపింది. కానీ సాక్ష్యం చెప్పమని మాత్రం, చనిపోయేదాకా, మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

నేను ఆఫీసుకు వెళ్ళే దారిలోనే ఆ ఠాణా. గోడ పక్కన పట్టుకొచ్చిన బళ్ళన్నీ వరసగా ఉండేవి. వాటిలో విఠల్ స్కూటర్. మొదట టైర్లలో గాలి పోయింది. తర్వాత సీటు చిరిగింది. వానలకు రేకు తుప్పు పట్టి, చక్రాల మధ్య గడ్డి మొలిచింది. దారి మార్చుకోవచ్చు కదా అంటారేమో. మార్చుకోలేదు. రోజూ దాన్ని చూడడమే నేను వేసుకున్న శిక్ష అనుకునేవాణ్ణి. ఎంత చవక శిక్షో చూడండి. చాలా ఏళ్ళ తర్వాత, నాంపల్లి వైపు పుస్తకాలమ్మే ఇంకొకాయన్ని ఏమీ ఎరగనట్టు కదిపితే చెప్పాడు, విఠల్ మీద కేసు కొట్టేశారని. సాక్షులు లేరట. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషానికి నాకు హక్కుందా అని కూడా ఆలోచించలేదు.

రెండువేల సంవత్సరం దాటాక, ఆఫీసులో రోడ్డు భద్రత మీద సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. అప్పటికి నేను పెద్దమనిషినయ్యాను. పడినవాణ్ణి లేపినవాడి మీద కేసు పెట్టకూడదన్నాను. పేరు చెప్పమని నిలదియ్యకూడదు, సాక్ష్యం కోసం కోర్టుల చుట్టూ తిప్పకూడదు, ఆదుకునేవాణ్ణి కాపాడే చట్టం మన దేశంలో రావాలి అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి అన్నం సయించలేదు. అలాంటి చట్టం అప్పుడే ఉంటే విఠల్ గతి ఏమయ్యేది? పోలీసుల నుంచి బయటపడేవాడేమో. తనతోపాటు బండెక్కి, తనను అప్పగించి పోయినవాడి నుంచి ఆయన్ని ఏ చట్టం కాపాడుతుంది? పైగా ఆ చట్టం నన్నూ కాపాడేది. నేనూ కాళ్ళు పట్టుకున్నవాణ్ణే కదా. పేరు చెప్పక్కర్లేదు, సాక్ష్యానికి రానక్కర్లేదు. నేను చేసిన పనంతా న్యాయంగానే ఉండేది. నేను సభలో అడిగింది ఎవరి కోసం?

ఆ తర్వాతి ఆదివారం ఆబిడ్స్ వెళ్ళాను. అన్నేళ్ళూ ఆ ఫుట్‌పాత్ మానేసి అవతలి వైపు నుంచి నడిచాను. విఠల్ పాత చోటునే ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. పక్కన స్కూటర్ లేదు. చెప్పేద్దామని దగ్గరికి నడిచాను. ఏమని మొదలుపెట్టాలి? ఇంతలో ఆయన పుస్తకాల ముందు నిలబడి ఉన్న ఒకాయన, ఎండకు కళ్ళు తిరిగి, ఉన్నచోటునే కూలబడ్డాడు. విఠల్‌కు మూరెడు దూరం కూడా లేదు. చెయ్యి చాపితే అందుతుంది.

విఠల్ లేవలేదు.

నేను పరిగెత్తి ఆయన్ని చంకల కింద పట్టుకున్నాను. విఠల్ వైపు చూశాను. "జర కాళ్ళు పట్టుకోండి," అన్నాను. ఆ మాట ఎవరిదో నోట్లోంచి వచ్చేశాక గుర్తొచ్చింది.

విఠల్ నా మొహంలోకి చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలియదు. పట్టా అంచు తీసి పుస్తకాల మీదికి లాక్కున్నాడు.

"నాకేం తెల్వద్ సార్. నేను చూడలే," అన్నాడు.

పడినాయనకు ఏమీ కాలేదు. ఎవరో సోడా తాగించారు, లేచి వెళ్ళిపోయాడు. నేను విఠల్‌తో చెప్పాలనుకున్నది చెప్పకుండానే తిరిగొచ్చాను. ఆయన కేసు ఎప్పుడో పోయింది, స్కూటర్ పోయింది, ఆ ఖర్చులన్నీ ఆయనే పడ్డాడు. అవి కాదు నాకు నిద్ర పట్టనివ్వనివి. గుంపును తోసుకుని ముందుకు పోయే మనిషి ఒకడుండేవాడు ఈ ఊళ్ళో. అతన్ని అక్కడ కూర్చోబెట్టింది నేను. క్షమించమని ఆయన్ని అడగలేదు. మిమ్మల్నీ అడగను.

ఆ రోజు బోను ఎక్కి చెప్పవలసింది మాత్రం ఇప్పుడు చెబుతాను. ఎవరూ అడగకపోయినా చెబుతాను. ఆ ఆదివారం నేను అక్కడున్నాను. ముసలాయన్ని గుద్దింది ఆకుపచ్చ మోటారుసైకిల్. అది బషీర్‌బాగ్ వైపు పోయింది. విఠల్ బండి స్టాండు వేసి ఉంది, సీటు మీద ఖాళీ సంచులు మడిచి ఉన్నాయి. ఆయన పుస్తకాల వెనక కూర్చుని ఉన్నాడు. ఆయన గుద్దలేదు. ఆయన లేపాడు. నేను కాళ్ళు పట్టుకున్నాను.

స్కూటర్ ఆయనదే. వెనక కూర్చున్నది నేను.