చివరి పేర్లు పడేదాకా

మా ల్యాబులో నమూనాలు ఆరబెట్టే ఓవెన్ ఒకటుంది. దాని తలుపు తీసినప్పుడల్లా కిర్రుమంటుంది. మొదట సన్నగా మొదలై, మధ్యలో బొంగురుపోయి, చివరికి ఎవరో ఎక్కిళ్ళు పెట్టినట్టు ఆగుతుంది. పోయిన వారం మెయింటెనెన్స్ నుంచి ఒకాయన గ్రీజు డబ్బా పట్టుకొచ్చాడు. "వద్దప్పా, దాన్నట్లే ఉండనీ" అన్నాను. ఆయన నన్నొకసారి, తలుపునొకసారి చూసి, ఈ మేడంకేదో అయిందనుకున్నట్టు డబ్బా మూసుకుని వెళ్ళిపోయాడు. ఆయనకేం చెప్పను? దయ్యాల సినిమాల్లో పాడుబడ్డ బంగళా తలుపు అచ్చం ఇలాగే తెరుచుకుంటుంది. ఖైరున్నీసా మేడం ఈ చప్పుడు వినబడగానే చేతిలో ఎంత పనున్నా ఆపి, తల కూడా తిప్పకుండా "వచ్చె మే, వచ్చె" అనేవారు. ఆమె లేరు. తలుపు మూలిగినప్పుడల్లా నా చెవి మాత్రం ఇంకా ఆ మాట కోసం చూస్తుంది.

ఎర్రగుంట్ల దగ్గర ఈ సిమెంటు ఫ్యాక్టరీలో జూనియర్ కెమిస్టుగా చేరినప్పుడు నాకు పాతికేళ్ళు. మాది కోయిలకుంట్ల. మేడం మా ల్యాబుకు పెద్ద. పుట్టింది ఆదోనిలో, పెళ్ళి చేసుకోలేదు, ఉద్యోగమంతా ఇక్కడే గడిపారు. పొట్టి మనిషి. మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, తెల్లకోటు జేబులో ఎప్పుడూ కాస్త సోంపు. పనిలో తప్పు చేస్తే కేకలు వేసేవారు కారు. తప్పు చేసిన కాగితాన్ని మన ముందు పెట్టి, మనమే కనుక్కునేదాకా కూర్చునేవారు. కేకలే నయమనిపించేది.

క్వార్టర్సులో చుట్టూ సంసారాలే. ఆరేసిన బట్టల మీద బూడిదరంగు దుమ్ము, వరండాల్లో సైకిళ్ళు, వంటింట్లోంచి పోపుల వాసనలు. నా ఇంట్లో నేనొక్కదాన్నే. మిగతా రోజులు ఫ్యాక్టరీ మింగేసేది. ఆదివారమే గడిచేది కాదు. అమ్మ ఫోన్ చేసి "తిన్నావా" అనడం, నేను "తిన్నా" అనడం, రెండు నిమిషాల్లో అయిపోయేది. తర్వాత ఫ్యాను వైపు చూస్తూ పడుకునేదాన్ని. చేరిన రెండో నెలలో అలాంటి ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి తలుపు చప్పుడైంది. తీస్తే మేడం.

"ఏం చేస్తాండావు మే?"

"ఏం లేదు మేడం. ఊరికే."

"ఊరికే కూర్చుంటే పిచ్చి పడతాది. రా, దయ్యాన్ని చూపిస్తా."

ఆమె గదిలో కిటికీ తెరలు తీసే ఉన్నాయి. ఎండ తెల్లగా నేల మీద పరుచుకుంది. ఒక గిన్నెలో బొరుగులతో చేసిన ఉగ్గాని, పళ్ళెంలో మిరపకాయ బజ్జీలు. టీవీలో ఎవరూ పేరు వినని, ఎక్కడా ఆడని, ఏ మూలనుంచో ఆమె వెతికి పట్టిన దయ్యం సినిమా. పట్టపగలు, అంత వెలుతురులో, బజ్జీ కొరుక్కుంటూ దయ్యాన్ని చూడటం నాకదే మొదలు. దయ్యం తెల్లచీరకు అంగట్లో పెట్టిన మడతలు ఇంకా పోలేదు. చేతికి గడియారం ఉంది. పొగ ఎక్కువై హీరోకు నిజంగానే దగ్గొచ్చింది. దగ్గుతూనే "ఎవరది" అన్నాడు. నవ్వీ నవ్వీ నా కంట్లో నీళ్ళొచ్చాయి. ఎన్నాళ్ళకు నవ్వానో. ఆ ఊపులోనే నోరు జారాను. "చీ, ఎంత దరిద్రంగా తీశారు మేడం!"

ఆమె వేలెత్తారు. "ఆ మాట ఈడ అనగూడదు. నవ్వు, ఎంత కావాల్నంటే అంత నవ్వు. చీ అనొద్దు. వాళ్ళకాడ దుడ్లు లేవు, టైము లేదు, దయ్యానికి కట్టేదానికి మంచి చీర గూడా లేదు. అయినా అంతమందిలో ఒకరన్నా మనసు పెట్టి పని చేసుంటారు. వాళ్ళను పట్టుకోవల్ల. పట్టుకుంటే 'దొరికె' అనల్ల. చివర పేర్లు పడేదాకా లేచేది లేదు. ఇదే మన ఆట."

నాకు మొదటి రెండు వారాలూ ఎవరూ దొరకలేదు. మూడో సినిమాలో ఒక గబ్బిలం వచ్చింది. నల్లగుడ్డతో కుట్టింది, వేలాడే దారం స్పష్టంగా కనబడుతోంది. అంతకుముందు నాలాగే ఎవరైనా దారాన్నే చూస్తారు. ఆ రోజెందుకో రెక్కలు చూశాను. రెండుసార్లు టపటప, ఒకసారి జారుడు, మళ్ళీ టపటప. మా ఊళ్ళో పొద్దుగూకే వేళ చింతచెట్ల మీద గబ్బిలాలు అచ్చం అలాగే ఎగురుతాయి. తెర వెనక దారం లాగినవాడెవడో గబ్బిలాన్ని శ్రద్ధగా చూసినవాడు. "దొరికె!" అని అరిచాను. మేడం బజ్జీ పళ్ళెం పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. యూనివర్సిటీలో మెడల్ ఇచ్చినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు. ఇది అబద్ధం కాదు.

ఒకసారి అడిగాను, మంచి సినిమాలెందుకు చూడరని. ఆమె జేబులోంచి సోంపు తీసి నా చేతిలో కొంచెం పోశారు. "మంచి సినిమా చూస్తే ఏడుపొస్తాది మే. ఒక్కదాన్నే కూర్చుని ఏడిస్తే ఊరుకోబెట్టేదానికి ఎవరుండారు? ఇదైతే నవ్వొస్తాది. నవ్వేదానికి ఎవరూ అక్కర్లేదనుకుంటి." తనూ రెండు గింజలు నోట్లో వేసుకున్నారు. "కావల్లనే, నువ్వొచ్చినాక తెలిసె."

ఆ ఆట ల్యాబులోకి కూడా వచ్చింది. గంటగంటకూ మిల్లు దగ్గర్నుంచి నమూనా తెచ్చే ఓబులేసు అని ఒకాయన ఉండేవాడు, యాభై దాటినాయన. ఆయన నమూనాల పుస్తకం నిండా నూనె మరకలు, కొట్టివేతలు, కోడి గీరినట్టుండే రాత. ఈయన్ను మార్చండి మేడం అని ఫిర్యాదు చేశాను. ఆమె ఆయన నెల పుస్తకం, మిగతా ఇద్దరి పుస్తకాలూ నా ముందేసి వెళ్ళిపోయారు. సాయంత్రానికి తెలిసింది. ఆ ఇద్దరి పుస్తకాల్లో నమూనా తీసిన టైము ముచ్చటగా రెండు, మూడు, నాలుగు. ఓబులేసు పుస్తకంలో రెండూ పది, మూడూ ఇరవై అయిదు. ఆలస్యమైతే ఆలస్యమనే రాసినవాడు ఆయనొక్కడే. తలెత్తేసరికి మేడం గుమ్మంలో నిలబడి ఉన్నారు. "దొరికెనా?" అన్నారు. తలూపాను. సిగ్గేసింది.

ఇంత నేర్చుకున్నదాన్ని ఆ పని ఎలా చేశానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ ఏడాది ఫ్యాక్టరీకి కుర్ర ఇంజనీర్లు ఏడెనిమిది మంది వచ్చారు. ఫోనులో ఒక గ్రూపు పెట్టుకుని, ఆదివారాలు ఎక్కడెక్కడికి తిరిగారో ఫొటోలు పెట్టేవారు. అహోబిలం కొండలు, గండికోట బండలు, ఒకరి భుజాల మీద ఒకరి చేతులు. నేనూ ఆ గ్రూపులో ఉన్నాను. నా దగ్గర పెట్టడానికేమీ లేదు. ఆ ఆదివారం సినిమాలో దయ్యం పరుగెత్తుతుంటే మేడంకు ఒళ్ళు మండింది. "దయ్యానికి తొందరేమి మే? దానికి చావు భయమా? నడవల్ల, ఇట్ల నడవల్ల" అంటూ తెల్లకోటు తలమీంచి కప్పుకుని, జుట్టు ముందుకేసుకుని, వంటింటి గుమ్మం నుంచి టీవీ దాకా నడిచి చూపించారు. నవ్వలేక చస్తూ ఫోనులో తీశాను. అర నిమిషం ఉంటుందేమో. ఇంటికెళ్ళి దాన్ని గ్రూపులో పెట్టాను. నాకూ ఒక ఆదివారం ఉందని వాళ్ళకు తెలియాలనిపించింది. అంతే కారణం. ఇంతకన్నా గొప్ప కారణం చెప్పుకోవాలని చాలాసార్లు వెతికాను, దొరకలేదు.

సోమవారం సాయంత్రానికి అది ఫ్యాక్టరీ అంతా పాకింది. మంగళవారం ఆమె కుర్చీకి ఎవరో తెల్లకోటు కప్పి, కాగితం మీద పుర్రె బొమ్మ గీసి అంటించారు. మీటింగులో పెద్దాయన ఒకరు "దయ్యం మేడం రిపోర్టు వచ్చిందా?" అన్నారు. అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వి, రిపోర్టు ఇచ్చి, ల్యాబుకొచ్చి కుర్చీ మీది కోటు తీసి మడతపెట్టి బీరువాలో ఉంచారు. నా దగ్గరకొచ్చి "బాగా తీసినావు మే. వెలుతురు బాగుండాది" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉన్నా బతికిపోయేదాన్ని. లేదు.

ఆ ఆదివారం పదకొండింటికి వెళ్ళాను. తలుపు సగమే తీశారు. టీవీ చప్పుడు లేదు. "తలనొప్పి మే" అన్నారు. మరుసటి ఆదివారం కూడా అదే తలనొప్పి. మూడోసారి గుమ్మంలోనే ఏడ్చేశాను. "తప్పయింది మేడం. మిమ్మల్ని ఎగతాళి చేయాలని కాదు." ఆమె నా భుజం తట్టారు గానీ లోపలికి రమ్మనలేదు.

"నవ్వినారని నాకు కోపం లేదు మే. మనం గూడా నవ్వుతాం గదా ఆ సినిమాలోళ్ళను. కాని మనం చివరిదాకా కూర్చుని నవ్వుతాం. వాళ్ళు అర నిమిషం చూసి నవ్విరి. ఆ అర నిమిషం కత్తిరించి ఇచ్చింది నువ్వు."

ఆ తర్వాత ఆమె రిటైరయ్యేదాకా ఏడాది పైన మా మధ్య పని మాటలే. క్లింకర్, నమూనా, రిపోర్టు. ఒక గదిలో, నాలుగడుగుల దూరంలో కూర్చుని ఒక మనిషి కోసం బెంగపెట్టుకోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఓవెన్ తలుపు మూలిగేది. ఆమె తలెత్తేవారు కారు. "వచ్చె" అనేవారు కారు. వీడ్కోలు రోజున శాలువా కప్పారు, లడ్లు పంచారు. ఆమె నా చేతిలో కొంచెం సోంపు పోసి, కడపలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయారు.

నాలుగైదు నెలలకు ఒక ఆదివారం పదకొండింటికి ఫోను మోగింది. ఆమె నంబరు నుంచి ఒక సినిమా లింకు. పక్కన ఒక్క ముక్క లేదు. ఎలా ఉన్నావనీ లేదు. ఉగ్గాని చేసుకుని కిటికీ తెరలు తీసి కూర్చున్నాను. రెండున్నర గంటల నరకం. అట్ట సమాధులు, ఇంటర్వెల్ దాకా ఒకటే కెవ్వుకేక. కదలకుండా చూశాను. పేర్లన్నీ పడ్డాక రాశాను: "మంచం కింద పడుకుని కాలితో మంచం ఊపినాయన. హీరోయిన్ భయపడేకొద్దీ ఊపు పెంచాడు." ఒక్క నిమిషంలో బదులొచ్చింది. "దొరికె." ఫోను గుండెకానించుకుని చాలాసేపు ఏడ్చాను.

అప్పట్నుంచి ప్రతి ఆదివారమూ ఒక లింకు, ఒక జవాబు, ఒక "దొరికె". అంతకు మించి మేమేం మాట్లాడుకోలేదు. ఎర్రగుంట్ల నుంచి కడప గంట ప్రయాణం. వెళ్ళాలి వెళ్ళాలి అనుకుంటూనే మూడేళ్ళు గడిపాను. నా మొహం చూస్తే ఆమెకు ఆ అర నిమిషం గుర్తొస్తుందని భయం.

చివరి లింకు వచ్చిన వారం ఫ్యాక్టరీలో కిల్న్, రాయి కాల్చే పెద్ద కొలిమి, మరమ్మతుకని ఆపారు. ఆదివారం కూడా డ్యూటీ. తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. ఒక్క ముక్క రాసి ఉండొచ్చు, "రేపు చూస్తాను మేడం" అని. మాకు అలా రాసుకునే అలవాటు లేదు. గురువారం ఆమె తమ్ముడి కూతురు, ఆమె ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ చేస్తూ నాకూ చేసింది. గుండెపోటు, నిద్రలోనే పోయారట.

కడప వెళ్ళేసరికి మట్టి చేసి మగవాళ్ళు తిరిగొచ్చారు. ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. నన్నెవరూ ఎరగరు. ఆమె తమ్ముడు నీళ్ళిస్తూ అన్నాడు. "ఆదివారమంతా ఫోను చేతిలోనే పెట్టుకునుండె అక్క. అన్నం తినేటప్పుడు గూడా పక్కనే పెట్టుకునె. ఎవరు చేస్తారని అడిగితే, ఒకరు సినిమా చూస్తాండారు, ఇంకా కాలేదేమో అనె." గ్లాసు కింద పెట్టేశాను. ఆ ఒకరు నేనేనని ఆయనకు చెప్పలేదు. చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు.

ఆ సినిమా మరుసటి ఆదివారం చూశాను. ఎవరూ దొరకలేదు. అంత ఘోరమైన సినిమా ఆమె ఎప్పుడూ పంపలేదు. మళ్ళీ ఆదివారం చూశాను. లేదు. మూడోసారి దొరికింది. దయ్యం వచ్చిందని ఊరంతా కేకలేస్తూ పరుగెత్తే సీను. ఏదో పల్లెలో అక్కడి మనుషుల్నే నిలబెట్టి తీసినట్టుంది; సగంమంది నవ్వుతూ పరుగెత్తుతున్నారు. దారి మధ్యలో ఒక మట్టికుండ ఉంది. పచ్చచీర కట్టిన ఒకామె దాన్ని దాటిపోయి, టక్కున ఆగి, వెనక్కొచ్చి, వెనకాల వచ్చేవాళ్ళ కాళ్ళకు తగలకుండా కుండ పక్కకు పెట్టి, అప్పుడు మళ్ళీ కేక అందుకుని పరుగెత్తింది.

"కుండ పక్కన పెట్టినామె. దొరికె మేడం" అన్నాను పైకే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇప్పుడు ల్యాబుకు నేనే పెద్ద. ఎవరి కాగితమైనా చివరి గీత దాకా చదవకుండా మాటనను. ఎవరైనా ఇంకొకరి గురించి నవ్వుతూ చెబితే, మొత్తం చూశారా అని అడుగుతాను. అందుకే నాతో కబుర్లు చెప్పడానికి ఎక్కువమంది రారు. ఆదివారాలు మళ్ళీ నావే. ఆ కుండ కనబడిన రోజు కూడా లేవలేదు. నల్లతెర మీద పేర్లు ఒక్కొక్కటే పైకి పోతుంటే, కుండ పక్కన పెట్టినామె పేరు అందులో ఉండదని తెలిసీ, చివరి పేరు పోయేదాకా కూర్చున్నాను.