చిన్న జెట్టు, పెద్ద పందెం

ముందే చెప్తున్న, చాయ్ నోట్లె పెట్టుకొని వినకున్రి, మీద పడ్తది. మొన్న ఆదివారం నా టూ స్ట్రోక్ బండి లీటర్‌కు ముప్పై ఒక్క కిలోమీటర్లు ఇచ్చింది! అవ్, ముప్పై ఒకటి! పందెం గెలిచిన. గెలిచినప్పటి సంది ఇంట్ల తలెత్తలేక తిరుగుతున్న, గది వేరే ముచ్చట.

నా బండి మీకు ఎర్కే కదా. పాత టూ స్ట్రోక్. రెండేండ్లు దాని వెంట పడి గుట్టలెక్కేటట్టు తయారు చేసిన. ఎత్తు మడ్‌గార్డ్, గుబ్బల టైర్లు, ఎడల్పు హ్యాండిల్. నా పని ప్లాట్లు చూపెట్టుడు. మా వెంచర్లల్ల రోడ్డు బ్రోచర్ల ఉంటది, భూమ్మీద ఉండది. గందుకే గిసోంటి బండి కావాలె. కనీసం ఇంట్ల నేను చెప్పేది గిదే.

ఇంట్ల అంటే నా భార్య స్వప్న. కాలేజీ ల్యాబుల పని చేస్తది. లెక్క తప్పితే ఆమెకు నిద్ర పట్టది. "లీటర్‌కు ఇరవై రెండు ఇచ్చే బండి మనకెందుకు? పొగ, సప్పుడు, పైనుంచి జాగ దండగ. అమ్మేసి కరెంట్ స్కూటర్ తెచ్చుకుందాం" అని మూడు నెలల సంది ఒకటే పోరు. ఆ మాట విన్నప్పుడల్లా నా పానం గుంజేది. ఒకనాడు రోషమొచ్చి అడిగేసిన.

"ముప్పై ఇస్తే ఉంచుతవా?"

"ఇస్తే ఉంచుత. ఇయ్యకుంటే సోమవారం నాటికి గీ బండి గీడ ఉండొద్దు."

"పక్కా!" అన్న.

సీదా యాదన్న షెడ్డుకు ఉరికిన. యాదన్న మన బస్ డిపో ఎనక మెకానిక్. "అన్నా, చిన్న జెట్టు ఎయ్యి" అన్న. జెట్టంటే ఏం లేదు, కార్బొరేటర్ల గోరంత ఇత్తడి ముక్క. దానికి సూది పట్టేంత బొక్క. ఇంజన్‌కు పెట్రోల్ గా బొక్కలకెల్లే పోతది. బొక్క చిన్నగైతే తాగుడు తగ్గుతది. ఇంత సింపుల్!

యాదన్న చేతులు తుడుసుకుంట అన్నడు, "తమ్మీ, టూ స్ట్రోక్‌కు ఆయిల్ గూడ పెట్రోల్ల కలిసే పోతది. పెట్రోల్ తగ్గిస్తే ఆయిల్ తగ్గుతది. ఇంజన్ కాలి పిస్టన్ పట్టేస్తది. నేనైతే ఎయ్య."

"నువ్వు ఎయ్యకుంటే నేనే ఏసుకుంట, ఇయ్యన్నా!"

ఆయన జెట్ల డబ్బా నా ముందటికి నూకి, "ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకొని పో" అన్నడు. గప్పుడన్న అర్థం కావాలె కదా నాకు! అన్నిట్ల చిన్న జెట్టు ఏరి నేనే బిగిచ్చిన.

ఆదివారం పొద్దున స్వప్న ల్యాబుకెల్లి కొలిచే గాజు గొట్టం తెచ్చింది. ట్యాంకు మొత్తం ఖాళీ చేపిచ్చింది. ఆయిల్ కలిపిన పెట్రోల్ కండ్ల ముందటికి లేపి, గీత మీద గీత చూసి, కరెక్టుగ లీటర్ పోసింది. మీటర్ ఫోటో తీసుకుంది. "ఇగ పో" అంది.

సాగర్ రోడ్డు ఎక్కిన. అబ్బబ్బ, ఏం గుంజుతున్నది! పొగ లేదు, మొరాయించుడు లేదు, చెయ్యి తిప్పితే చాలు ఎగిరి దుంకుతున్నది! హెల్మెట్ల నేనొక్కన్నే కేకలు పెడుతున్న. యాచారం తొవ్వల ఆపి ప్లగ్ ఇప్పి చూస్తే మల్లెపువ్వు లెక్క తెల్లగుంది! ఫోటో తీసి యాదన్నకు పంపిన: "అన్నా, ఇంజన్ ఎంత క్లీన్ అయిందో చూడు!"

ఆయన వాయిస్ మెసేజ్ పెట్టిండు. నేను ఇంటికి పోయి వినొచ్చని ఫోన్ జేబుల పెట్టుకున్న. తరువాత విన్న: "ప్లగ్ ఇటుక రంగుండాలె తమ్మీ. తెల్లగైతే కాలుతున్నట్టు. ఆపు, జల్ది ఆపు!"

నేను ఆపలే. రోడ్డు దిగి మా వెంచర్ గుట్ట ఎక్కిచ్చిన. ఫుల్ రేస్. సగం ఎక్కినంక "కీఁచ్" మని ఒక్కటే సప్పుడు, ఎనక చక్రం గట్టిగ పట్టేసింది. నేను తుమ్మ కంపల ఉన్న. నాకేం కాలే, ప్యాంటుకే అయింది. కిక్ తొక్కితే గోడను తొక్కినట్టుంది. మీటర్ చూసిన. పద్నాలుగు! పద్నాలుగే! నా బండి పోయిందని ఏడుపొచ్చింది.

ఫోన్ కొడితే యాదన్న వచ్చిండు. బండి న్యూట్రల్ చేసి నన్ను కూసోబెట్టి, తన బండి మీద ఎనక వచ్చి, నా సైలెన్సర్‌కు కాలు పెట్టి నూకుడు షురూ చేసిండు. మన దగ్గర పెట్రోల్ అయిపోయినోళ్లను నూకుతరు కదా, అచ్చం గట్లనే.

పోంగ పోంగ నా కన్ను మీటర్ మీద పడ్డది. తిరుగుతున్నది! మీటర్ వైరు ముందు చక్రానికి ఉంటది. దానికి ఇంజన్‌తో ఏం పని? పదిహేను, పదహారు, ఇరవై!

"నూకు అన్నా, ఆపకు!"

"కాలు గుంజుతున్నది తమ్మీ!"

"ఇంకో కాలు పెట్టు!"

మా గల్లీకి వచ్చేసరికి ఇరవై ఎనిమిది. ఇంకో రెండు కావాలె! బతిమాలి, గడ్డం పట్టుకొని, చెరువు కట్ట దాకా ఒక రౌండ్ కొట్టిచ్చిన. ముప్పై ఒకటికి గేటు ముందట ఆగినం.

స్వప్న మీటర్ చూసింది. ఫోటో చూసింది. ట్యాంకుల మిగిలిన పెట్రోల్ గొట్టంల పోసి చూస్తే సగానికి ఎక్కువుంది. ఆమె మొఖం ఎలిగిపోయింది.

"ముప్పై ఒకటి నడిచి సగం గూడ తాగలేదా! నేనే ఓడిన పో. ఉంచుకో నీ బండి!" అని ఇంట్లకు ఉరికి హెల్మెట్ పెట్టుకొని వచ్చింది. పెండ్లైనకాడికెల్లి గా బండి ఎక్కని మనిషి! "నడువ్, నన్ను ఒక రౌండ్ తిప్పు. స్టార్ట్ చెయ్."

యాదన్న మెల్లగ తన బండి మలుపుకున్నడు. నేను కిక్ మీద కాలు పెట్టి తొక్కిన. మల్ల తొక్కిన. ఎక్కి నిలబడ్డ. నేను కిక్ మీద, కిక్ పైననే.

స్వప్న ఎనకకు వచ్చి సైలెన్సర్ చూసింది. దానికి నీలం రంగు రబ్బరు అంటుకొని ఉంది. యాదన్న కాలికున్న నీలం చెప్పు దిక్కు చూసింది. ముందట సగం అరిగి ఉంది. హెల్మెట్ తీసి నా చేతుల పెట్టి, "ఇంజన్ ఎంత దూరం నడిచింది?" అని అడిగితే నిజం చెప్పేసిన.

"బండి పద్నాలుగు, యాదన్న పదిహేడు. కాలు మైలేజ్ మంచిగుంది."

"మరి బండి అమ్ముతవా?" అని భయపడుకుంట అడిగిన.

"గిప్పుడు ఎవలు కొంటరయ్యా?"

గట్ల నా బండి నాకే మిగిలింది! సోమవారం కరెంట్ స్కూటర్ వచ్చింది. ఇప్పుడు స్వప్న దాని మీద నన్ను ఎనక కూసోబెట్టుకొని వెంచర్ కాడ దింపి కాలేజీకి పోతున్నది.