డ్రైవరు గారి రెండు రోజుల సెలవు

ఆ దీవి చుట్టూ ఒకటే రోడ్డు. సముద్రాన్ని ఎడమ పక్కన పెట్టుకుని బయల్దేరితే, ఎడమ పక్కనే పెట్టుకుని మళ్ళీ మొదలైన చోటికి వస్తారు. దారి తప్పాలన్నా కుదరదు. అయినా పన్నెండేళ్ళుగా ఆ రోడ్డు మీద బస్సు నడుపుతున్న డ్రైవరు ఒకాయన సగం దీవిని చూడనే లేదు.

కారణం చిన్నదే. దక్షిణం వైపు సగం అతని డిపోది, ఉత్తరం వైపు సగం ఇంకో డిపోది. పొద్దున ఆరింటికి రేవు ఊళ్ళో బస్సు తీసి, తొమ్మిదికల్లా సగం దారిలో ఉన్న స్టాండు చేరతాడు. అక్కడ టీ తాగి, బస్సు తిప్పుకుని వెనక్కి వస్తాడు. అవతలి రోడ్డు కొబ్బరిచెట్ల మధ్య నుంచి ఎటో పోతూ అద్దంలో కనిపిస్తుంది, అంతే. సెలవు రోజున అటు వెళ్ళొచ్చు కదా అంటే, వారమంతా స్టీరింగు పట్టినవాడికి సెలవు రోజున కావలసింది మంచం.

కూతురు రెండో తరగతిలో ఉండగా బళ్ళో దీవి పటం గీసుకు రమ్మన్నారు. అతను ఉత్సాహంగా పెన్సిలు అందుకుని వంతెనలు, మలుపులు, చివరికి స్పీడ్ బ్రేకర్లతో సహా గీసుకుంటూ వెళ్ళి స్టాండు దగ్గర ఆగిపోయాడు.

"మిగతాది నాన్నా?"

"మిగతాది నాకూ తెలీదమ్మా."

పిల్ల కాసేపు అతని మొహం కేసే చూసింది. నాన్నకు తెలియని రోడ్డు ఒకటుంటుందని దానికి అప్పటిదాకా తోచలేదు. ఆ చూపు పడలేకే అతను మర్నాడు డిపోకి వెళ్ళి రెండు రోజులు సెలవు రాసిచ్చాడు.

బావమరిది దగ్గర ఒక పాత వ్యాను ఉంది. దాన్ని అడిగి తెచ్చాడు. భార్య స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో కటింగ్ చేస్తుంది. రెండు నెలల కిందటే ఆమెకు డ్రైవింగు లైసెన్సు వచ్చింది గానీ, మొగుడు పక్కన ఉండగా ఒక్కసారీ సవ్యంగా నడపలేదు. "క్లచ్చు, క్లచ్చు. అద్దం చూడు. చూశావా? ఏం చూశావ్?" అని ఊపిరాడనిచ్చేవాడు కాదు. "మీరు పక్కనుంటే నాకు కాళ్ళెన్నున్నాయో కూడా గుర్తుండదు" అని ఆమె తాళాలు అతని చేతిలో పడేసి, మళ్ళీ ముట్టుకోలేదు.

బయల్దేరిన పావుగంటకే గొడవ మొదలైంది. బస్టాపు కనపడగానే అతని కాలు బ్రేకు మీదికి పోతోంది. మూడో స్టాపు దగ్గర నాలుగేళ్ళ కొడుకు విసుక్కున్నాడు.

"నాన్నా, మనం బస్సు కాదు."

తరవాత పిల్లకి కడుపులో తిప్పింది. వాంతి నాన్న టోపీలోనే అయింది, వేరే ఏదీ చేతికందక. పిల్లాడు ఒంటికి అని బండి ఆపించి, ఆపాక రానని మొండికేశాడు. ఎందుకురా అంటే, పీత చూస్తోందన్నాడు. నిజంగానే రాయి మీద ఒక పీత కూర్చుని వాణ్ణే చూస్తోంది. తల్లి చీరకొంగు అడ్డంపెట్టి ఆ పని కానిచ్చింది.

స్టాండు చేరేసరికి పదకొండయింది. అక్కడ అతని చేతులు వాటంతటవే స్టీరింగు మొత్తం తిప్పేశాయి. వ్యాను చక్కగా వెనక్కి తిరిగి రేవు ఊరి వైపు నిలబడింది.

"ఇంటికెళ్ళిపోతున్నామా?" అంది భార్య తాపీగా.

టీ కొట్టువాడు నవ్వుతుంటే తల ఎత్తకుండా మళ్ళీ తిప్పుకుని, పన్నెండేళ్ళ తరవాత ఆ స్టాండు దాటాడు.

అవతల రోడ్డు కొండను చుట్టుకుంటూ పోయింది. కింద ఇసుక నల్లగా ఉంది. అరటితోటలు రోడ్డు మీదికే వచ్చేశాయి. అతను ఎంత మెల్లగా నడిపాడంటే, సైకిలు మీద పోయేవాళ్ళు కూడా దాటిపోయారు. వెనకాల పిల్లలిద్దరూ కిటికీలకు ముక్కులు ఆనించి కూర్చున్నారు.

మధ్యాహ్నం రెండింటికి ఒక మలుపు తిరగ్గానే ఉత్తరం డిపో బస్సు ఆగి ఉంది. జనం దిగి చెట్ల కింద కూర్చున్నారు. ఒకామె ఒళ్ళో నెలల బిడ్డ, ఒక ముసలాయన పక్కన బుట్టలో ఆరు బాతులు. బస్సు మెట్ల మీద, రోజూ స్టాండులో కలిసి టీ తాగే మీసాలాయన, కంటి మీద తడిగుడ్డ పెట్టుకుని ఉన్నాడు.

"ఏమైందన్నా?"

"కందిరీగ, తమ్ముడూ. సరిగ్గా రెప్ప మీద కుట్టింది." గుడ్డ తీసి చూపించాడు. కన్ను నిమ్మకాయంత వాచి మూసుకుపోయింది. "ఒంటికంటితో ఈ కొండదారిలో నడపలేను. ఇంకో డ్రైవరు రావడానికి రెండు గంటలు పడుతుందంటున్నారు."

డ్రైవరు బస్సు వంక చూశాడు, ఎండలో బిడ్డను ఊపుతున్న ఆమె వంక చూశాడు. భార్య వంక మాత్రం చూడలేదు. ఆమే అంది: "వెళ్ళండి. రాత్రికి మనం బస చేసేది ఈ బస్సు పోయే ఊళ్ళోనేగా. వ్యాను నేను తెస్తాను."

అతను నోరు తెరిచాడు.

"క్లచ్చు అన్నారో, నేనూ బస్సెక్కి కూర్చుంటా. వ్యాను ఇక్కడే ఉంటుంది."

నోరు మూసుకుని, ఉత్తరం డిపో మేనేజరుకు ఫోను చేశాడు. "దక్షిణం వాడివి, దారి తెలుసా నీకు?" అన్నాడాయన. "ఒకటే రోడ్డు కదండీ" అన్నాడితను. ఆయన రెండు ప్రశ్నలు వేసి, లైసెన్సు నంబరు రాసుకుని సరే అన్నాడు.

పిల్ల ముందు సీట్లో కూర్చుంది. పిల్లాడు బాతుల పక్కన తప్ప ఇంకెక్కడా కూర్చోనన్నాడు. బస్సు కదిలింది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, వెనక నుంచి ఒక గొంతు: "మలుపుంది, మెల్లగా." ఇంకో గొంతు: "హారన్ కొట్టు బాబూ, ఇక్కడ మేకలొస్తాయి." బాతుల ముసలాయన: "గేరు మార్చలేదేంటి?" ఒంటికంటి మీసాలాయన పక్కనే నిలబడి, "ఎడం, ఎడం. ఇంకా ఎడం" అంటున్నాడు. పన్నెండేళ్ళ సర్వీసున్నవాడికి చెమటలు పట్టాయి. ఒకచోట బస్సు ఆగిపోయింది కూడా. ఎక్కడో తను కూడా సరిగ్గా ఇలాగే చేశానని అప్పుడు తట్టింది అతనికి.

"నాన్నా, అద్దం చూడు" అంది పిల్ల. "అమ్మ వస్తోంది."

చూశాడు. ఎత్తు మీద వ్యాను ఆగిపోయింది. చెయ్యి తలుపు మీదికి పోయింది.

"కూర్చో తమ్ముడూ" అన్నాడు మీసాలాయన. "నువ్వు దిగి వెళ్తే ఆ వ్యాను సాయంత్రం దాకా కదలదు."

అద్దంలో వ్యాను కాస్త వెనక్కి జారి, ఆగి, గుర్రుమని ఎక్కేసింది. కిటికీలోంచి ఆమె చెయ్యి ఒకటి బయటికొచ్చి ఊగింది. బస్సంతా చప్పట్లు కొట్టింది.

నాలుగింటికి ఊరు చేరారు. మీసాలాయన ఆస్పత్రికి నడిచాడు. బిడ్డ తల్లి దిగుతూ, "బాగా తెచ్చావన్నా" అంది. ముసలాయన ఒక బాతును పిల్లాడి చేతికిచ్చి కాసేపు పట్టుకోనిచ్చాడు. తిరిగి ఇమ్మన్నప్పుడు వాడు ఊరంతా వినపడేలా ఏడ్చాడు.

ఆమె వ్యానును వెనక్కి తీసి, రెండు బళ్ళ మధ్య నీటుగా పెట్టి దిగింది. అతను ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు వింతగా తోచింది.

"నేనెలా నడిపాను?" అని అతనే అడిగాడు చివరికి.

"బ్రేకు ఎక్కువ తొక్కుతున్నారు. వెనకాల వచ్చేవాళ్ళకి కష్టం."

అతను పగలబడి నవ్వాడు.

మర్నాడు టిఫిను తిని బయల్దేరేటప్పుడు తాళాలు ఆమెకే ఇచ్చి, వెనక పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. పెద్దయ్యాక బండిలో వెనక కూర్చోవడం అతనికి అదే మొదలు. కాసేపు సముద్రం చూశాడు, పిల్లలు చూపించినవన్నీ చూశాడు. పది కిలోమీటర్లు పోకముందే నిద్రపోయాడు. జలపాతం దగ్గర లేపారు, లేవలేదు. తల్లీ పిల్లలూ దిగి, తడిసి, మళ్ళీ ఎక్కారు. మధ్యాహ్నం ఇంటి ముందు బండి ఆపి ఆమె వెనక్కి తిరిగింది.

"దిగండి, స్టాపొచ్చింది."