అకారాది సూచిక తాగిన కరెంటు

ఒక పదం చెబితే అది వచ్చిన పద్యాలన్నిటినీ వెదికిపెట్టే ప్రోగ్రామును మా మనుమరాలు కళాశాల ప్రాజెక్టుకోసం రాసింది. మొదట అది ప్రతి పదానికీ వేల పద్యాలను ఆమూలాగ్రం తిరగేసేది. జీవితమంతా తెలుగు బోధించినవాణ్ణి గనుక, అకారాది సూచిక కట్టుకొమ్మని సలహా ఇచ్చాను. కట్టింది. ఇక రెండు పద్ధతులలో ఏది తక్కువ విద్యుత్తుతో పని చేస్తుందో కొలిచి, మర్నాడు విశాఖలో అధ్యాపకులకు చూపాలి.

ఆ ఆదివారం ఉదయం చోడవరంలోని మా వరండాలో, గోడప్లగ్గుకూ లాప్‌టాప్‌కూ నడుమ చిన్న మీటరు అమర్చింది. ఏ ప్రోగ్రామూ నడవనప్పుడు ఎంత లాగుతున్నదో చూసింది. పిదప పావుగంటసేపు పాతదానికి పదాలు అందించి, తేడా రాసుకున్నది. అవే పదాలు, అదే వేగంతో, కొత్తదానికీ అందించింది. అంకె పాతదానిని మించిపోయింది. మళ్లీ నడిపినా అంతే.

“తాతా, నీ సూచికే ఎక్కువ తాగుతోంది. రేపు ఏటి చూపించను?”

“సూచికలో దోషం ఉండదు. నీ మీటరును అడుగు.”

“మీటరుకి మొహమాటం లేదు తాతా.”

బుచ్చయ్యపేట చెరకు రైతు బిడ్డ అయిన మా ఆవిడ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతవరకు వింటూ ఉన్నది.

“ఒసే, కాటా కాడ ఖాళీ బండి తూసినప్పుడు తోలేవోడు దిగిపోయి, చెరకుతో తూసినప్పుడు ఎక్కి కూకుంటే ఏటవుద్ది?”

“ఆడి బరువు కూడా చెరకు లెక్కలోకే పోద్ది మామ్మా.”

“మరైతే నీ బండి మీద ఎవుడు కూకున్నాడో సూడు.”

మనుమరాలు వంగి చూసింది. లాప్‌టాప్ పక్కనుంచి ఒక తీగ నా కుర్చీ కింది ఫోనుకు పోతున్నది. పాత ప్రోగ్రాము కొలత ముగియగానే, ఛార్జి తగ్గిందని నేనే గుచ్చాను. ఖాళీగా ఉన్న రంధ్రాన్ని వాడుకోవడంలో అపచారం ఉంటుందని నాకు తోచలేదు.

“మీరేనా తోలేవోరు,” అన్నది మా ఆవిడ, తల ఎత్తకుండా.

తీగ ఊడబెరికాము. మనుమరాలు రాసుకున్నదంతా కొట్టివేసి, మొదటినుంచి మూడేసిసార్లు కొలిచింది. అంతసేపూ నన్ను దరిదాపులకు రానివ్వలేదు. గుమ్మంలో నిలబడి అంకెలు అడిగి తెలుసుకుంటూ వచ్చాను. మూడుసార్లూ కొత్తదే తక్కువ తాగింది. తేడా నేను ఆశించినంత పెద్దది మాత్రం కాదు.

మొదటి కొలతలను ఎందుకు విడిచిపెట్టిందో నివేదికలో కారణం చూపవలసి వచ్చింది. ‘బాహ్యపరికర సంయోగము’ అని వ్రాయమన్నాను.

“తాతగారి ఫోను అని రాసేసేను,” అన్నది.

మా ఆవిడ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకున్నది.